పిన్నిగారూ, మా ఇంటికి తల్లి వచ్చింది

శుద్ధ తదియ

పొద్దున్నే పిన్నిగారి జవాబులు చదువుతూ నేనూ కస్తూరీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. కస్తూరి నిజంగానే పొట్ట పట్టుకుని, "చాలండీ హైమవతిగారూ, లోపల వాడెవడో తంతున్నాడు" అంది. నాతోబాటే పనిచేస్తుంది, తనకిప్పుడు ఎనిమిదో నెల.

పిన్నిగారంటే మనిషి కాదు. మా పంటూరు అంటే నీళ్ళ మీద ఒకదానికొకటి కట్టుకున్న పంటులు, బల్లకట్టుల్లాంటివి. ప్రతి పంటు మీదా ఓ చిల్లుల పెట్టె ఉంటుంది. ఒంట్లో నలతగా ఉన్నవాళ్ళు దాని ముందు నిలబడి అడిగితే, మా పుస్తకాల పంటులోని యంత్రం విని జవాబు చెబుతుంది. దానికి అధికారికంగా పెద్ద పేరే ఉంది గానీ, గొంతు నడివయసు ఆడమనిషిలా ఉందని మొదటిరోజే ఎవరో "పిన్నిగారూ" అన్నారు. బారసాల అంతటితో అయిపోయింది. పిన్నిగారు నిన్న ఎవరికేం చెప్పిందో చదివి, తప్పు చెప్పి ఉంటే దిద్దడం గ్రంథపాలకురాలిగా నా పని. పుస్తకాల పంటులో పుస్తకం ఒక్కటీ లేదు, అది వేరే సంగతి. మేం చెప్పేవాళ్ళమే తప్ప చూసేవాళ్ళం కాదు. చూడడానికి పౌర్ణమికి వైద్యనౌక వస్తుంది, మిగతా రోజుల్లో నర్సు ప్రకాశమ్మగారున్నారు.

ఇంతకీ మేం నవ్విన ప్రశ్న ఇది. బట్టల పంటు నుంచి, ఎవరో పెద్దావిడ.

"పిన్నిగోరూ, మా ఇంటికి తల్లొచ్చిందండి. ఏం పెట్టమంటారు?"

పిన్నిగారు మురిసిపోయింది. "చాలా సంతోషం! ముందు కాళ్ళకు నీళ్ళివ్వండి. పెద్దవయసు కదా, ఉప్పూ కారం తగ్గించండి. సొరకాయ పప్పు, మజ్జిగ, రాత్రికి మెత్తని జావ పెట్టండి."

"అన్నీ సల్లనివేనండి, మంచిది. మరి తల్లి ఎన్నాళ్ళుంటదంటారు?"

"అమ్మను ఆ మాట అడగకూడదండీ. ఉన్నన్నాళ్ళు ఉండనివ్వండి."

"సిత్తం" అందావిడ, ఎంతో భక్తిగా.

"ఎవరో గానీ పుణ్యాత్మురాలు. మా అత్తగారొచ్చినప్పుడు నేనూ ఇలాగే అడగాలి" అంది కస్తూరి. జవాబులో తప్పేమీ కనబడలేదు. సరైనదేనని టిక్కు పెట్టేశాను.

చవితి

నిన్న ఇంకో మూడిళ్ళకు తల్లులు వచ్చారు.

ఒకాయన పిన్నిగారితో, "తల్లి మా సిన్నదాని మీదకి కూడా వచ్చేసిందండి" అన్నాడు. పిన్నిగారు గంభీరంగా, "కోపంలో ఉన్నప్పుడు ఎదురు చెప్పకండి. చిన్నదాన్ని కాసేపు వేరే గదిలో ఉంచండి" అంది. ఇంకొకావిడ తల్లి శాంతించాలంటే ఏం చెయ్యాలని అడిగింది. ఆవిడ చెప్పేది ఓపిగ్గా వినమని సలహా.

మొక్కల పంటు చూసుకునే సుబ్బారాయుడు వేరే గోడు వెళ్ళబోసుకున్నాడు. "పిన్నిగోరూ, మా వేపచెట్టుకేదో తెగులండి. రాత్రికి రాత్రి మండలు మండలే మాయమైపోతన్నాయి." మొక్కల రోగాలు మా శాఖ కాదని ఎన్నిసార్లు చెప్పినా ఆయన వినడు. మేకలేమైనా ఉన్నాయా అని పిన్నిగారు అడిగింది. మా ఊళ్ళో ఉన్నది ఒక్క వేపచెట్టు, ఒక్క మేకా లేదు.

మధ్యాహ్నం అన్నం తింటుంటే ఒక సంగతి తట్టింది. గట్టు నుంచి మనుషుల్ని తెచ్చే పడవ పౌర్ణమికి గానీ రాదు. మాకు తేదీల కంటే తిథులే ముఖ్యం, పోటూ పాటూ చంద్రుడి వెంట నడుస్తాయి, పడవలు వాటి వెంట నడుస్తాయి. మరి చవితినాటికే ఇంతమంది తల్లులు దేని మీద వచ్చినట్టు?

కస్తూరితో అంటే, "ఈది వచ్చారేమో" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

పంచమి

బట్టల పంటు ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. తీరా చూస్తే అచ్చియ్యమ్మదే, ఊరందరి బట్టలూ ఉతికి ఇస్త్రీ చేసే ఇల్లు. గుమ్మానికి వేపమండ వేలాడుతోంది. సుబ్బారాయుడి మేక దొరికిందనుకుంటూ లోపలికి అడుగు పెట్టబోయాను. ఆవిడ పరుగున వచ్చి అడ్డం నిలబడింది.

"రాకండి హైమవతిగోరూ, లోన తల్లుంది."

"మీ అమ్మగారేగా? ఒకసారి పలకరించి పోతాను."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "మాయమ్మా? మాయమ్మ ఈ ఊరు నీళ్ళమీదకి రాకముందే పోయిందండి."

"మరి వచ్చిందెవరు?"

ఆవిడ గొంతు బాగా తగ్గించింది. "తల్లండి. పేరెట్టి అనకూడదు. మా బుజ్జులు మీద పోసింది." నా మొహంలో ఏమీ తెలియనితనం చూసి జాలిపడి, తలుపు దగ్గర నుంచి కొంచెం పక్కకు జరిగింది.

లోపల చాప మీద మనవరాలు పడుకుని ఉంది. మొహం నిండా, చేతుల నిండా నీటి పొక్కులు. పక్కన వేపాకులు, గిన్నెలో మజ్జిగ. పిల్ల నన్ను చూసి, "పుస్తకాలమ్మా, కస్తూరక్క రాలేదా?" అంది.

పాడ్యమినాడు అచ్చియ్యమ్మ బట్టలు ఇవ్వడానికి వచ్చినప్పుడు ఈ బుజ్జులు మా పంటులో కస్తూరి ఒడిలో కూర్చుని, తెర మీద అక్షరాలు దిద్దింది. ఆవిడ అన్ని పంటులకూ తిరిగి వచ్చేదాకా దిగనంది.

వెనక్కి వచ్చి యంత్రంలో పొక్కుల వర్ణన పెడితే, దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆటలమ్మ. చికెన్‌పాక్స్. నా చిన్నప్పుడు గట్టు మీద అందరికీ టీకా వేశారు, అందుకే నా ఈడువాళ్ళం దాన్ని చూడనైనా లేదు. తర్వాత నీళ్ళొచ్చాయి, మా ఊరున్న గట్టు మునిగింది, టీకాలూ పోయాయి. ఇక్కడ పంటుల మీద పుట్టినవాళ్ళెవరికీ రక్షణ లేదు. కస్తూరి పుట్టింది కూరగాయల పంటు మీద, అందరూ తనని బెండకాయల మధ్య పుట్టిందని ఏడిపిస్తారు.

పిల్లలకు చాలావరకు తేలిగ్గానే పోతుంది. కడుపుతో ఉన్న మనిషికి వస్తే ఊపిరితిత్తుల దాకా పోవచ్చు. కాన్పు దగ్గర్లో వస్తే పుట్టిన బిడ్డ బతకడమే కష్టం కావచ్చు. ఇదంతా నేను కస్తూరి పక్కన కూర్చునే చదివాను. దాచే వీల్లేదు, తనూ గ్రంథపాలకురాలే, నాకంటే వేగంగా చదువుతుంది.

"టీకా ఇప్పుడు వెయ్యకూడదుట" అంది. తర్వాత ఇంకొంచెం కిందికి చదివి, "ఇదుగో, ఇది వెయ్యొచ్చుట" అంది. ఆటలమ్మ వచ్చి తగ్గినవాళ్ళ రక్తంలోంచి తీసే రక్షక సూది. తాకిడి తగిలిన పది రోజుల్లోపే వెయ్యాలి. పాడ్యమి నుంచి లెక్కపెడితే ఏకాదశికి గడువు తీరుతుంది. వైద్యనౌక వచ్చేది పౌర్ణమికి.

కస్తూరి తెర ఆర్పేసి నా చెయ్యి పట్టుకుంది. "భయంగా ఉందండీ" అంది. నాకూ ఉందని చెప్పాను.

షష్ఠి

వైద్యనౌకలోని డాక్టరుగారితో రేడియోలో మాట్లాడాను. ఆయన చాలా దూరంలో, తుఫానుకు దెబ్బతిన్న ఊళ్ళ దగ్గర ఉన్నారు. సూది కావలసిందేనన్నారు, దొరికితే ప్రకాశమ్మగారే వెయ్యొచ్చన్నారు. తన దగ్గర మాత్రం లేదు.

ఇక మిగిలింది మా కబుర్ల పత్రిక. రోజూ ఉదయం గట్టు మీది టవరు మావైపు తిరిగినప్పుడు, తీరం పొడవునా ఉన్న వైద్య గ్రంథపాలకులందరికీ ఒక వార్తాలేఖ వస్తుంది. ఏ మాత్రను వాడొద్దన్నారు, షుగరు గురించి తేలిక తెలుగులో కరపత్రం ఎవరు రాశారు, ఏ సమాచార కేంద్రం మూతపడింది, అన్నీ అలాంటివే. అంత చప్పటి పత్రిక భూమ్మీద ఉండదు, నీళ్ళమీదా ఉండదు. నేను మాత్రం టీ తాగుతూ అక్షరం వదలకుండా చదువుతాను. చివర "కావలెను" అని ఒక మూల ఉంటుంది. ఎవరో ఎప్పుడూ ఒక పాత పటమో, అరవంలో ఉన్న కరపత్రమో అడుగుతుంటారు. ఆ మూలలో నేను ఇవాళ రాశాను: "కావలెను: ఆటలమ్మ రక్షక సూది. మా కస్తూరి కోసం. ఏకాదశిలోగా."

"మా కస్తూరి" అన్న మాట ప్రకటనల్లో ఉండకూడదు. ఉంచేశాను.

ఊళ్ళోనూ చాటింపు వేయించాను. "చికెన్‌పాక్స్ రోగం ఉన్న ఇళ్ళవారు వెంటనే తెలపండి" అని పిన్నిగారు అన్ని పెట్టెల్లోంచీ పలికింది. ఒక్కరంటే ఒక్కరు రాలేదు. నేనే చూసివచ్చిన అచ్చియ్యమ్మ కూడా, "మా ఇంట్లో రోగాలేం లేవండి, తల్లుందంతే" అని పెట్టెకు చెప్పి పోయింది. ఆవిడ అబద్ధమాడలేదు. నేనే పరాయి భాషలో అడిగాను.

సప్తమి

అచ్చియ్యమ్మ గుమ్మం బయట పీట వేసుకుని కూర్చుని, ఆవిడతో చాటింపు రాయించాను.

"రోగం అన్నారనుకోండి, తలుపులేసేసుకుంటారు. తల్లి అనండి, గుమ్మంలోకొచ్చి సెప్తారు."

"అది రోగమేనండీ. గాలితో అంటుతుంది. నేను అబద్ధం చెప్పలేను."

"మిమ్మల్ని అబద్దమాడమన్నానేటండి? దానికి మీరెట్టిన పేరూ సెప్పండి, మేమనే పేరూ సెప్పండి. తల్లున్న ఇంటికి సుట్టం ఎల్లకూడదు, ఆ ఇంటోళ్ళు ఇంకోరింటికి ఎల్లకూడదు. మా నాయనమ్మ సెప్పింది. ఇది మీ యంత్రం ఒప్పుకోదా?"

ఒప్పుకోదేం! మేం పేజీలకు పేజీలు రాసి ఎవరి చేతా చదివించలేని మాట అదే. ఒక వేపమండతో గుమ్మంలోనే చెప్పేశారు ఎవరో ఆ పాతకాలపు మనుషులు. వాళ్ళెవరో తెలియదు, వాళ్ళకు దణ్ణం.

సాయంత్రం పిన్నిగారు పలికిన మాటలివి:

"తల్లి వచ్చిన ఇళ్ళవారికి మనవి. గుమ్మానికి వేపమండ కట్టండి. తల్లి వెళ్ళేదాకా ఎవరింటికీ పోకండి, ఎవరినీ రానివ్వకండి. కడుపుతో ఉన్నవాళ్ళూ, పసిబిడ్డలూ ఆ గుమ్మం దగ్గరికి రాకూడదు. డాక్టర్లు దీన్ని చికెన్‌పాక్స్ అంటారు, గాలిద్వారా అంటుకుంటుంది. జ్వరానికి ఆస్పిరిన్ ఇవ్వకండి. పిల్ల మగతగా ఉన్నా, ఊపిరి కష్టమైనా ప్రకాశమ్మగారిని పిలవండి. ఆవిడ రావడం తల్లికి కోపం కాదు."

ఆ చివరి మాట అచ్చియ్యమ్మది. చీకటి పడేలోగా పదకొండు ఇళ్ళవాళ్ళు చెప్పారు. సుబ్బారాయుడు తెగులు సంగతి అర్థమై కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. చెట్టు బోడి అయిపోతుందన్న బెంగతో, ఇక మండలు బదులు ఆకుపచ్చ గుడ్డపేలికలు కట్టుకోమన్నాడు. తల్లికి అభ్యంతరం లేదని అచ్చియ్యమ్మ హామీ ఇచ్చింది.

కస్తూరి గదిలోంచి బయటికి రావడం లేదు. తనకే వచ్చి ఉంటే ఇంకొకరికి ఇవ్వకూడదని తనే తలుపు వేసుకుంది. నేను గుమ్మం దగ్గర క్యారేజీ పెట్టి వస్తున్నాను. పత్రికలో జవాబేమీ లేదు.

అష్టమి

వచ్చింది! "కావలెను" మూల కింద ఒకే ఒక్క వాక్యం: "మీ కస్తూరి బరువెంత? షమీమ్, ఉప్పుమడుల గ్రంథాలయం."

ఇంత అందమైన వాక్యం నేను ఏ సాహిత్యంలోనూ చదవలేదు. బరువు అడిగిందంటే మోతాదు చూస్తోందన్నమాట. మోతాదు చూస్తోందంటే సూది ఉందన్నమాట.

మధ్యాహ్నానికి రేడియోలో ఆవిడతో మాట కలిసింది. షమీమ్‌గారి మాట చాలా పొదుపు. వాళ్ళ ఆసుపత్రి చలిపెట్టెలో ఉంది, అడిగి పుచ్చుకుంది, తాళం చెవి తన కొంగున ఉంది. "పంపడమే కష్టమమ్మా. మా ఎగిరే యంత్రం మీదాకా రాదు. సగంలో పడిపోతుంది."

"మరెలాగండీ?"

"సగంలో ఎవరున్నారో చూస్తున్నాను. అక్కడా ఒక గ్రంథాలయం ఉండాలి కదా. మనవాళ్ళు లేని చోటుందా?"

నవమి

సూది ఉన్న ఐసు పెట్టె బయల్దేరింది. పొద్దున ఉప్పుమడుల నుంచి లంకబడికి. లంకబడి గ్రంథపాలకుడు దాన్ని దింపుకుని, ఐసు మార్చి, తన ఎగిరే యంత్రానికి కట్టి పంపాడు. అక్కడి నుంచి రేవు ఆసుపత్రి. అక్కడ గాలి ఎక్కువై ఆగింది.

వీర్రాజు, కస్తూరి భర్త, వలలు బాగుచేసే మనిషి, పొద్దుటి నుంచీ పిన్నిగారి పెట్టె ముందు నిలబడే ఉన్నాడు. "గాలి తగ్గిందాండి? ఇప్పుడు తగ్గిందాండి?" అని అడుగుతూ ఉన్నాడు. వాతావరణం మా శాఖ కాదు. అయినా పిన్నిగారు ప్రతిసారీ, "ఇంకా లేదు బాబూ, కూర్చో" అంది. ఆ "కూర్చో" ఎవరు నేర్పారో నాకు తెలియదు, నేనైతే నేర్పలేదు.

దశమి

గాలి తగ్గలేదు. రేవు ఆసుపత్రి గ్రంథపాలకురాలు, పేరు కూడా సరిగ్గా వినబడలేదు, ఎదురుచూసి ఎదురుచూసి పెట్టెను ఒళ్ళో పెట్టుకుని చేపల పడవ ఎక్కిందట. సగం దూరం వీర్రాజు తన పడవ వేసుకుని ఎదురెళ్ళాడు. నడిసముద్రంలో పడవలు రెండూ పక్కపక్కన చేర్చి, ఆవిడ పెట్టె ఇచ్చి, టీ అయినా తాగకుండా వెనక్కి తిరిగింది.

పెట్టె తడిసిపోయి వచ్చింది, లోపల ఐసు ఇంకా గట్టిగానే ఉంది. మూత మీద మూడు రకాల చేతిరాతలు. "ఐసు నిండా పెట్టాను." "నేను మార్చాను." కింద వంకరగా: "నాకు సముద్రం పడదు, వాంతులయ్యాయి, పెట్టె మీద పడలేదు."

సాయంత్రం ప్రకాశమ్మగారు కస్తూరికి సూది వేశారు. ఏకాదశి ఇంకా రాలేదు. నేను గుమ్మం బయట నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను, ఎందుకు దాచాలి? ఒక్కరినీ కళ్ళతో చూడలేదు. ఆ చప్పటి పత్రిక అడుగున ఓ మూల చదివి, ఎవరి బిడ్డ కోసమో ఇంతమంది కదిలారు.

అచ్చియ్యమ్మకు సూది సంగతి చెప్పాను, తల్లి వచ్చి వెళ్ళినవాళ్ళ రక్తంలోంచి తీస్తారని. "అయితే ఎవరింటికో వచ్చిన తల్లే మన కస్తూరమ్మని కాసిందన్నమాటండి" అంది. దిద్దడానికి అందులో నాకేమీ కనబడలేదు.

బహుళ తదియ

బుజ్జులుకు నీళ్ళు పోశారు. పొక్కులన్నీ ఎండి రాలిపోయాయి. పసుపూ వేపాకూ వేసిన నీళ్ళతో పిల్లకు తలంటి, తల్లికి చద్ది నైవేద్యం పెట్టి సాగనంపారు. నాకూ పెరుగన్నం పెట్టారు. వైద్యనౌక వచ్చి పిల్లలందరినీ చూసింది, వచ్చేసారి టీకాలు తెస్తామంది. తెచ్చేదాకా గుర్తుచేస్తూ ఉండడం నా పని.

కస్తూరి ఒంటి మీద ఒక్క పొక్కూ లేదు. ఇంకొన్నాళ్ళు చూడాలన్నారు. తలుపు అవతలి నుంచే పనిచేస్తోంది, పిన్నిగారికి కొత్త పాఠం రాసింది. ఎవరైనా తల్లి వచ్చిందంటే సొరకాయ పప్పు మొదలుపెట్టకుండా, ముందు గొంతు తగ్గించి ఇలా అడగాలి: "ఏ తల్లమ్మా? మీ అమ్మగారా, అమ్మవారా?"

గొంతు తగ్గించడం కస్తూరి ఆలోచనే. పెట్టె ముందు వరసలో పదిమంది ఉంటారు కదా అంది.

తరువాతి నెల, శుద్ధ ద్వాదశి

ఇది పిన్నిగారి ఇవాళ్టి జవాబుల్లోంచి ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను. కాన్పుల పంటు పెట్టె. మగగొంతు, ఆయాసపడుతూ.

"పిన్నిగోరూ! మా ఇంటికి తల్లొచ్చిందండి!"

పిన్నిగారు గొంతు తగ్గించింది. "ఏ తల్లి బాబూ? మీ అమ్మగారా, అమ్మవారా?"

"ఇద్దరూ కాదండి! ఆడపిల్లండి! ఇప్పుడే పుట్టింది, ఏడుస్తుంది, ఒంటి మీద మచ్చలేదండి. ఇద్దరూ బాగున్నారండి. ఇప్పుడు ఏం పెట్టమంటారు?"

పిన్నిగారికి ఈ మూడో తల్లి సంగతి ఎవరూ చెప్పలేదు. "ఒక్క నిమిషం బాబూ, హైమవతిగారిని అడుగుతాను" అంది. నా ముందు దీపం వెలిగింది. నేను అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాను, మళ్ళీ వచ్చి కూర్చుని జవాబు చెప్పాను. పిన్నిగారు దాన్ని తన గొంతుతో వీర్రాజుకు చేరవేసింది.

"ఈ తల్లికి పేరు పెట్టొచ్చు బాబూ. మంచి పేరు పెట్టండి."

పేరు కస్తూరి ముందే అనుకుని ఉంచింది. గదిలో ఉన్నన్నాళ్ళూ షమీమ్‌గారితో మాట్లాడుతూ, ఒకరోజు ఆవిడ పేరుకు అర్థం అడిగిందట. సువాసన అని చెప్పిందట ఆవిడ.

పాపను పరిమళ అని పిలుస్తున్నారు. రేపటి పత్రికలో, "కావలెను" మూలలోనే, ఈ వార్త వేయమని రాసి పంపాను. బరువు కూడా రాశాను, షమీమ్‌గారు అడుగుతారు.